ఎర్రదీపం వెలగనివ్వని మైకు చాచా

మైకు చాచా పోయాడని మంగళవారం పొద్దున నాకు ఫోనొచ్చింది. చేసింది మా పాటల బృందంలో డప్పు వాయించే తమ్ముడు. "అక్కా, చాచా పోయిండే. పగటి జొహర్ నమాజ్ అయినంక తీస్కపోతరట" అన్నాడు. నేను లింగాలలో, పాఠాలు చెప్పే బడిలో ఉన్నాను. సెలవు చీటీ రాసిచ్చి, బస్సు దొరికి నాగర్‌కర్నూల్ చేరేసరికి మట్టి కూడా ఇచ్చేశారు. చాచా ఇల్లున్న ఆ వీధిలోకి వెళ్లడానికి నేను రెండేళ్లుగా జంకుతున్నాను. చివరికి వెళ్లింది అలా.

పాటలు పాడే పిచ్చి వల్ల నాకు చాచా దొరికాడు. అక్షరాస్యత సభలకూ, బడుల వార్షికోత్సవాలకూ మా బృందం ఎక్కడికి వెళ్లినా సౌండు సెట్టు ఆయనదే. సన్నటి మనిషి, జేబులో ఎప్పుడూ ఒక టెస్టర్. టెంటు హౌసు కుర్చీలు జారతాయని ఇంటి నుంచి చెక్క కుర్చీ మోసుకొచ్చేవాడు. మిక్సర్ మీద కప్పడానికి చాచీ పాత చీర ముక్క తెచ్చేవాడు. ఆ చీరను మడతపెట్టే పద్ధతి చూసి, "పెట్టెకు చేసే మర్యాదల్ల సగం చాచీకి చేస్తే బాగుండు" అని నేను ఏడిపించేదాన్ని. "మడతవెట్టుడు నేర్పిందే ఆమె బిడ్డా" అనేవాడు.

మిక్సర్ అంటే బల్లంత పెట్టె. ఒక్కో మైకుకు ఒక్కో జారుడు మీట ఉంటుంది. కుడిపక్క నిలువుగా చిన్న చిన్న దీపాల వరస: కింద ఆకుపచ్చవి, వాటి మీద రెండు పసుపువి, అన్నిటికన్నా పైన ఒక ఎర్రది. గొంతు పెరిగిన కొద్దీ దీపాలు పైకి ఎక్కుతాయి. చాచా చూపు ఎప్పుడూ వాటి మీదే. "పచ్చది పాటకు. పసుపుది సంబురానికి. ఎర్రది ఎవ్వలికి గాదు" అనేవాడు. ఎర్రది వెలిగిందంటే గొంతు పగిలి బొంగురుగా వినిపిస్తుందట. ఆయన దగ్గర పాడినన్నాళ్లూ నా పాటకు అది వెలగడం నేను చూడలేదు.

ఇంకో అలవాటు ఉండేది. నా కాళ్ల ముందు చిన్న స్పీకరు ఒకటి, నావైపే తిప్పి పెట్టేవాడు. జనానికి కాదు, నా పాట నాకు వినిపించడానికి. "నీ గొంతు నీకు ఇనొస్తే నువ్వు ఒర్రవు. ఇనరాకుంటెనే మనిషి గొంతు చించుకుని ఒర్రుతడు" అనేవాడు. ముందు నాతో రెండు చరణాలు పాడించి, మీట ఎక్కడ ఆగాలో పెన్సిలుతో గీత గీసేవాడు. మీటల కింద తెల్లటి టేపు అంటించి ఎవరి మైకు ఏదో రాసేవాడు. మిగతావాళ్లవి పేర్లు. నాది మాత్రం 'బిడ్డ'. ఇంత పద్ధతి గల మనిషి చెవులతో కన్నా కళ్లతోనే ఎందుకు ఎక్కువ పని చేస్తున్నాడో నాకు ఎన్నడూ అనుమానం రాలేదు. నా పాట మీద తప్ప నాకు వేరే ధ్యాస ఉంటే కదా.

రెండేళ్ల కిందట వనపర్తిలో ఒక సభ. సాయంత్రం, మైదానం నిండా జనం. రెండో పాట ఎత్తుకోగానే వెనక నుంచి కేకలు మొదలయ్యాయి. "ఇనొస్తలేదు! సౌండు వెంచుండ్రి!" నేను పాట ఆపి చాచా వైపు చెయ్యి పైకెత్తాను. ఆయన దీపాలు చూసుకుని, అంతా బాగానే ఉందన్నట్టు తల ఊపాడు. మళ్లీ కేకలు. మళ్లీ అదే తల ఊపుడు. నాకు తిక్క రేగింది. మైకు నోటి ముందే ఉందన్న సోయి కూడా లేకుండా అనేశాను.

"ఏంది చాచా, చెవుడొచ్చిందా నీకు?"

మైదానమంతా నవ్వింది. ఆ నవ్వు మాత్రం చాచాకు అర్థమైంది. అందరి మొహాలూ తనవైపే తిరిగి ఉన్నాయి మరి. లేచి, జనం మధ్య నుంచి వెనక్కి నడిచి, చివరి స్పీకరు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. అందులో అదురు లేదు. ఏదో ట్రాక్టరు తొక్కి తీగ తెగింది. పెట్టెలోంచి బయలుదేరే సౌండును దీపాలు చూపిస్తాయి కానీ, దారిలో తెగిన తీగను చూపించవు. వినే మనిషైతే ఒక్క క్షణంలో పట్టేసేవాడు. తీగ కలిపాడు, జనం చప్పట్లు కొట్టారు, నేను మిగిలిన పాట పాడేశాను. పోయేటప్పుడు "జర పైలం బిడ్డా" అన్నాడు, ఎప్పటిలాగే.

తర్వాత తెలిసింది, ముప్పై ఏళ్లు స్పీకర్ల పక్కనే కూర్చుని ఆయన చెవులు పోగొట్టుకున్నాడని. ఆ సంగతి దాచుకుని, దీపాలతోనూ అరచేతితోనూ నెట్టుకొస్తున్నాడు. అది నేను మైకులో చాటాను. చెవిటాయనకు సౌండు పని ఎవరిస్తారు? మెల్లగా పిలుపులు ఆగిపోయాయి. మా బృందం కూడా వేరే సెట్టు మాట్లాడింది. నేను అడ్డు చెప్పలేదు.

ఆ తర్వాత ఒక్కసారే కలిశాడు, నాగర్‌కర్నూల్ బస్టాండులో. "చాచా, ఆ దినం నేను అట్ల అనొద్దుండె" అన్నాను. ఆయన నవ్వి తల ఊపాడు. వినపడలేదని నాకు తెలుస్తూనే ఉంది. గట్టిగా చెప్పాలంటే చుట్టూ జనం ఉన్నారు. తిట్టేటప్పుడు అడ్డం రాని సిగ్గు అప్పుడు వచ్చింది. ఈలోపు బస్సొచ్చింది, ఎక్కేశాను.

మంగళవారం మధ్యాహ్నం చాచీ నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టింది. బల్ల మీద మిక్సర్, దాని మీద అదే చీర ముక్క. "రోజు పొద్దుగాల తుడిచి కరెంటు వెట్టేటోడు బేటీ. నన్ను మైకుల మాట్లాడుమనేటోడు. నేను మాట్లాడుతుంటే లైట్లు చూసి నవ్వేటోడు. నీ ముచ్చట ఇట్లనన్న చూస్త అంటుండె" అంది. చీర ముక్క అంచు సవరిస్తూ, "ఎవరో స్టేజి మీదికెల్లి చెవిటోడన్నరంట. ఎవరు అంటె చెప్పకనే పాయె" అంది.

నేను చీర ముక్క తీశాను. టేపు మీద 'బిడ్డ' అని ఇంకా ఉంది. పక్కన పెన్సిలు గీత. మీట సరిగ్గా ఆ గీత మీదే ఆగి ఉంది. స్విచ్చు వేశాను. స్పీకర్లు ఎప్పుడో అమ్మేశారు కాబట్టి చప్పుడేమీ రాలేదు. మైకు దగ్గరికి తీసుకున్నాను.

"చాచా, ఆ మాట అన్నది నేనే. తప్పయింది" అన్నాను, బస్టాండులో చెప్పాల్సినంత గట్టిగా.

ఆకుపచ్చవన్నీ వెలిగాయి, ఒక పసుపుది కూడా. ఆయన ఉంటే ఆ దీపాలు చదువుకునేవాడు. నేను నోరు మూసుకున్నాక దీపాలు ఒక్కొక్కటే దిగిపోయాయి. అట్టడుగుది మాత్రం ఆరుతూ వెలుగుతూ ఉంది. నా వెనక చాచీ ఏడుస్తోంది.