మూడు పలకలు లేని వంతెన

కత్తి దూసినవాడికి పాచిక, మాయ పన్నినదానికి మొండిచెయ్యి. ఆ బల్ల దగ్గర ఏడాదిగా నడుస్తున్న న్యాయం అదీ.

బల్ల ఒక డ్రైవింగ్ స్కూలుది. సెలవు రోజు మధ్యాహ్నం దాని మీది కాగితాలు తీసేసి నలుగురు కథలాటకి కూర్చునేవారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలో వేషం ఎంచుకుని, ఏం చేయబోతున్నారో చెబుతారు. అది పారిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ నడిపేది స్కూలు నడిపే బావ. ఆయన భార్యది విలుకత్తె వేషం, పక్కింటి ఎలక్ట్రీషియన్ కత్తివీరుడు. భార్య చెల్లెలిది, అంటే బావ మరదలిది, మాయావి వేషం. లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు చూపడం ఆ మాయావి విద్య.

మరదలి ఉద్యోగమూ దాదాపు అదే. బట్టల దుకాణం అద్దాల వెనక నిలబెట్టే బొమ్మలకి బట్టలు తొడుగుతుంది. పెదాల మధ్య ఎప్పుడూ సూదులు ఉంటాయి కాబట్టి అందరికీ ఆమె ‘గుండుసూది’.

ఎలక్ట్రీషియన్ “నరుకుతా” అంటే చాలు, బావ పాచిక వేయించేవాడు. గుండుసూది “మంటలు కక్కే డ్రాగన్‌ని చూపిస్తా” అంటే మాత్రం పాచిక ముట్టుకోకుండానే “వాళ్ళు నమ్మలేదు” అని తేల్చేసేవాడు. నోట్లో సూదులు లేకపోయినా ఉన్నట్టే ఆమె ఊరుకునేది. లేచి అందరికీ టీ పెట్టేది.

“ఇవాళా నీ మాయ పారకపోతే వైద్యురాలి వేషానికి మారిపో మరదలా,” అన్నాడు బావ ఒకరోజు ఆట మొదలెడుతూ. “కట్లు కట్టేవాళ్ళు లేరు. నీ చేతికి నప్పుతుంది.”

ఎలక్ట్రీషియన్ చేతికి నప్పదా అని అడగాలనిపించింది గుండుసూదికి. మాయావిని పోగొట్టుకోవడానికి ఆమెకి మనసొప్పలేదు. వారమంతా నిలబడి నిలబడి కాళ్ళు లాగే మనిషికి, తనదని చెప్పుకునే వేషం అదొక్కటే.

దుకాణంలో తనెప్పుడైనా బొమ్మకి రెక్కలు కట్టిందా? లేదే! వదులు చొక్కాని వీపు దగ్గర సూదులతో బిగిస్తుంది. ముందు నుంచి చూస్తే కొలతకి కుట్టినట్టే ఉంటుంది. అనుమానించడానికి అందులో వింతేమీ లేదు. ఒకవేళ అనుమానం వచ్చినా వెనక్కి వెళ్ళి చూద్దామంటే అద్దం అడ్డం.

ఆ రోజు కథలో వీళ్ళు ముగ్గురూ లోయ మీది చెక్క వంతెన దాటారు. వెనకే ఏనుగంత రాక్షసుడు తరుముకొస్తున్నాడు. ఎలక్ట్రీషియన్ కత్తి విరిగింది, అక్క అమ్ములపొది ఖాళీ.

“ఇక నీదే ఆలస్యం. డ్రాగనేనా?” బావ ముసిముసిగా నవ్వాడు.

“కాదు బావా. వంతెన మధ్యలో మూడు పలకలు ఊడిపోయినట్టు చూపిస్తా. అంతే.”

“నమ్మడు.”

“ఎందుకు నమ్మడు? పాత వంతెనకి పలకలు ఊడటం వింతా?”

“అనుమానం రాదూ? ఇప్పుడేగా మీరు దాటారు!”

“రానీ. తీర్చుకోవాలంటే ఆ ఖాళీలో కాలు పెట్టాలి. కింద లోయ. బండి నేర్చుకునేవాళ్ళకి నువ్వేం చెబుతావు?”

అందరి చూపూ గోడ మీదికి పోయింది. బావే రాయించిన ఎర్రక్షరాలు: ‘అనుమానం వస్తే ఆగు’.

అక్క పకపకా నవ్వింది. “వాడూ మీ దగ్గరే నేర్చుకున్నాడేమోనండీ! అయినా ఇంట్లో నా మాటకీ ఇంతే, పాచిక వేయకుండానే కాదంటారు.”

“నమ్మితే నమ్ముతాడు, లేకపోతే లేదు,” అంది గుండుసూది. “పాచిక మాత్రం వెయ్యి బావా.”

రాక్షసుడి తరఫున బావ వేశాడు. దొర్లి దొర్లి నాలుగు దగ్గర ఆగింది. మాయని పసిగట్టడానికి రాక్షసుడికి ఆ నాలుగు ఏ మూలకీ చాలదు.

“ఓసి నీ సూదులు తగలెయ్య!” నెత్తి కొట్టుకున్నాడు బావ. “అంచున ఆగాడు... కిందికి చూశాడు... చుట్టుదారి పట్టాడు!”

ఎలక్ట్రీషియన్ బల్ల గుద్దాడు. “నా కట్లు నేనే కట్టుకుంటా. రోజూ తీగలకి టేపు చుట్టే చెయ్యేగా!”

అలవాటుగా బావ చూపు కెటిల్ మీదికీ, అక్కణ్ణుంచి మరదలి మీదికీ వెళ్ళింది. ఆమె కదల్లేదు.

“రాక్షసుడు వెళ్ళిపోయాడు కదా బావా, నీకిక పనేముంది? నువ్వు పెట్టు.”

పెట్టాడు. నీళ్ళ టీ. అందరూ తాగారు.

మీరు కూర్చునే బల్ల దగ్గర కూడా ఎవరో ఒకరి మాట పాచిక దాకా రాకుండానే రాలిపోతూ ఉంటుంది. ఈసారి కూర్చున్నప్పుడు వాళ్ళెవరో చూడండి. నమ్మడమా మానడమా తర్వాతి సంగతి, ముందు పాచిక వాళ్ళ ముందుకి తోయండి. అలాగే, లేచి టీ మీరే పెట్టండి.