ఖాళీ కార్డు

నిన్న జగిత్యాలలో ఒక పెండ్లికూతురు తల్లి నన్ను శాంపిల్ ఫొటోలు అడిగింది. అమ్మీ వాడిన పాత కెమెరా బ్యాగు తెరిచాను. అందులో ఇంకా గోరింటాకు వాసన ఉంది.

కోరుట్లలో మాది ఫొటో స్టూడియో. పెండ్లిళ్లలో మగవాళ్లను అబ్బా తీసేవాడు, ఆడవాళ్ల గదిలో అమ్మీ తీసేది. అబ్బా అందరినీ వరుసగా నిలబెట్టి, గడ్డాలు పైకెత్తించి తీసేవాడు. అమ్మీ ఓ మూల కూర్చుని, వాళ్లు తనను మరిచిపోయి నవ్వుకునేదాకా ఆగేది. స్టూడియో అద్దాల షోకేసు నిండా అబ్బా ఫొటోలే. అమ్మీవి ఒక్కటీ లేదు. పైగా ఫొటోలు అప్పగించగానే ఆ ఇంటివాళ్ల ముందే మెమరీ కార్డు ఖాళీ చేసేది. బాగా రాలేదు కాబోలని నాకు సిగ్గుగా ఉండేది.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజుల్లో ఒకసారి అమ్మీతో సిరిసిల్లలో పెండ్లికి పోతుంటే, రోడ్డు మీద బైఠాయించినవాళ్లు మా ఆటో ఆపారు. కెమెరా చూసి ఒక యువకుడు అడ్డం నిలిచాడు.

"మా ఫొటోలు తీసి పోలీసోళ్లకు ఇస్తే ఎట్ల?"

టెంటు కింద నుంచి కల్లు గీసే పెద్దాయన ఒకడు లేచాడు.

"మా బిడ్డ నలుగు ఫొటోలు గామెనే తీసింది. ఒక్కటన్న బయటికచ్చిందా? గామె ఫొటో గడప దాటది. పోనియ్యుండ్రి."

అడ్డం కట్టిన తాడు విప్పారు. అమ్మీ దగ్గరి బ్యాగు అడిగి తీసుకుని, సిరిసిల్ల దాకా నా ఒళ్లోనే పెట్టుకున్నాను.

నిన్న ఆ తల్లికి ఖాళీ కార్డు చూపించాను.

"శాంపిల్ లేదమ్మా. రేపు మీ బిడ్డయి గూడ ఎవలకు సూపియ్య."