గళ్ళ స్కర్టులో మిగిలిపోయిన మడత

మా చిన్నప్పుడు, వేసవి సెలవులు అయిపోవస్తున్నాయంటే చాలు... దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్‌లోని మా రెండు గదుల ఇంట్లో, అమ్మ నన్ను మంచం మీద నిలబెట్టేది. నా నడుముకు బడి స్కర్టు. ఎరుపు, ముదురాకుపచ్చ గళ్ళు, మధ్యలో సన్నటి పసుపు గీత. దాన్ని టార్టన్ అంటారని అప్పుడు ఎవరికి తెలుసు! మాకది గళ్ళ స్కర్టు, అంతే.

"కదలకు బిడ్డా, సూది గుచ్చుకుంటది!" అని అమ్మ అరిచేది. నేను కదలకుండా ఉంటానా...

ఆ స్కర్టు కొన్నప్పుడే బాగా పెద్దది. "ఎదిగే పిల్ల, ఏటా ఎవరు కొంటరు?" అని అమ్మ కింది అంచును లోపలికి మూడు మడతలు వేసి కుట్టేసింది. ఏడాదికో మడత విప్పేది. ఎండకీ, ఉతుకులకీ పైన గళ్ళు వెలిసిపోయేవి కదా, విప్పిన చోట మాత్రం రంగు కొత్తగా ఉండేది. చూడగానే తెలిసిపోయేది. నాకు ఒకటే సిగ్గు... కానీ తోటి పిల్లల స్కర్టులూ అంతే కాబట్టి, ఆ సిగ్గు మొదటి రోజుతోనే పోయేది.

అసలు భయం వేరే ఉండేది నాకు. బాపు ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సర్వేయర్. ఆయన కాంట్రాక్టు ఏటా వేసవిలోనే రెన్యువల్ కావాలి. అవుతుందో లేదో కంపెనీ పెద్ద, అరబ్బీలో ముదీర్, చెప్పేదాకా తెలీదు. "ముదీర్ యల్లా అన్నడంటే ఇంకో ఏడు... ఖలాస్ అన్నడంటే సామాన్ కట్టుడే!" అని బాపు నవ్వేవాడు. నాకా నవ్వు అస్సలు నచ్చేది కాదు.

నాకెవరూ ఏమీ చెప్పేవారు కాదు. అమ్మ కత్తెర తీసి మడత విప్పుతోందంటే... హమ్మయ్య, ఈ ఏడూ ఇక్కడే! అలా తెలుసుకునేదాన్ని.

ఒకరోజు క్లాసులో మా మిస్ మా స్కర్టుల కథ చెప్పింది. స్కాట్లాండ్ అనే చలి దేశంలో కొండల మనుషులు ఉన్నితో ఈ గళ్ళు నేసుకునేవారట. ఒక్కో వంశానికి ఒక్కో రకం గళ్ళట. తిరుగుబాటు చేశారని ఒకప్పుడు ప్రభుత్వం ఆ వేషమే వేయొద్దందట. ఏళ్ళ తర్వాత నిషేధం తీసేస్తే, మళ్ళీ హాయిగా కట్టుకున్నారట.

ఇంటికి పరిగెత్తి "మన ఇంటి గళ్ళు ఏవి బాపూ?" అని అడిగాను. బాపు తన నీలం గళ్ళ లుంగీ అంచు ఎత్తి చూపించాడు. "గివే బిడ్డా! మీ తాత గివే కట్టిండు, నేను గివే కడుతున్న."

"సాలు తియ్యి నీ యవ్వారం!" అని అమ్మ నవ్వింది.

నాకైతే మా గళ్ళు స్కర్టువే. ఊరికి పోతే అందరూ నన్ను "దుబాయ్ పిల్ల" అనేవారు. దుబాయ్ కాదు, దోహా అని మొత్తుకున్నా వినేవారా! బడిలో మాత్రం కేరళ పిల్లలు, కొలంబో పిల్లలు, మా కరీంనగర్ పిల్లలు... ఎవరిదీ ఈ దేశం కాదు, అందరికీ అవే గళ్ళు. మేమంతా ఒకే వంశం అనుకునేదాన్ని. ఏ వంశానికి ఏ గళ్ళో తేల్చింది చాలావరకు తర్వాతి కాలపు బట్టల వ్యాపారులేనని పెద్దయ్యాక చదివాను. ఐతేనేం... నేను నమ్మడం మానలేదు.

ఒక వేసవిలో అమ్మ నన్ను మంచం ఎక్కించలేదు. సెలవులు అయిపోతున్నాయి. ఇక ఉండబట్టలేక స్కర్టు పట్టుకుని నేనే వెళ్ళాను. "అమ్మా, మడత విప్పవా?"

అమ్మ పెట్టె సర్దుతోంది. స్కర్టు నా చేతిలోంచి తీసుకుని, మడిచి, పెట్టె అడుగున పెట్టింది. "ఊరికి పోతున్నం బిడ్డా... ఇగ మళ్ళ రాము."

ఎంత ఏడ్చానో! మూడో మడత అలాగే ఉండిపోయింది. ఊళ్ళో బడికి సాదా నీలం స్కర్టు కుట్టించారు. దాన్ని చూస్తేనే ఒళ్ళు మండేది నాకు.

ఇప్పుడు మళ్ళీ దోహాలోనే ఉన్నాను... మా ఆయన ఉద్యోగం వల్ల. అల్ రయ్యాన్‌లో ఇల్లు. మా పాప బడిలో గళ్ళు లేవు, బూడిదరంగు యూనిఫాం. కానీ మొన్న మాల్‌కు వెళ్తే ఎటు చూసినా ఎర్ర గళ్ళే! స్కర్టులు, స్కార్ఫులు, చివరికి బొమ్మ కుక్కపిల్ల కోటు కూడా. పాప ఒక స్కర్టు పట్టుకుని వదల్లేదు. "మనింట్లో ఉందే పిచ్చిదానా" అన్నాను. ఎన్ని ఇళ్ళు మారినా నా పెట్టెలోనే తిరుగుతోంది అది.

పాపకి ఇప్పుడు అచ్చంగా నా అప్పటి వయసు. ఇంటికొచ్చి తొడిగితే నడుము సరిపోయింది, పొడవు చాలలేదు. అంచు తిప్పి చూసి, "అమ్మా, లోపల ఇంకో మడతుంది! విప్పేయ్" అంది.

నాకు చెయ్యి రాలేదు. ఇక్కడ ఉండాల్సిన, ఉండకుండా పోయిన ఆ ఒక్క ఏడాది నాకు అందులోనే ఉంది మరి. వీడియో కాల్‌లో అమ్మకు చూపించాను.

"ఇంకా దాసినవా? ఎవరి కోసమే... విప్పు!" అంది అమ్మ. వెనక నుంచి అదే నీలం గళ్ళ లుంగీలో బాపు తొంగిచూసి అరిచాడు. "ముదీర్ యల్లా అన్నడని చెప్పు! ఇంకో ఏడు!"

నవ్వుతూ, ఏడుస్తూ కుట్టు విప్పాను. ఎరుపు, ఆకుపచ్చ... ఎండ పొడ కూడా చూడని రంగులు. పాప గిర్రున తిరిగింది.

ఇప్పుడు పిల్లల బట్టలు పొట్టైతే కొత్తవి కొనేస్తున్నాం, మడతలు ఎవరు వేస్తున్నారు... మీ అమ్మ మీకోసం వేసి, విప్పకుండానే మిగిలిపోయిన మడత ఏదైనా ఉందా? చెప్పండి. నాది మాత్రం ఇవాళ విప్పేశాను... తొడుక్కున్నదే నేను కాదు.