కొబ్బరి మాను మీది మచ్చ, మినుము చేలో కూన

వాన వెలిశాక కిటికీ తెరిస్తే తడిసిన కొబ్బరి మాను వాసన వచ్చింది. నిన్నటిదాకా బూడిదరంగులో ఉన్న లైకెన్ మచ్చలు, మానుకు నాచులా అంటుకుని పెరిగేవి, పచ్చబడ్డాయి. వాటిని చూస్తే నాకు సత్యవతి టీచర్ గారే గుర్తొస్తారు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న పోయారు. ఆ రోజు నుంచి నాకు మాట రాలేదు. ఇక చూడాలి, తలో వైద్యం! ఒకరు తాయెత్తు కట్టారు, ఒకరు పట్టిసీమ వీరభద్రుడికి మొక్కమన్నారు. మేనత్త అయితే భుజాలు పట్టుకుని "ఒక్కసారి ఏడవవే" అని కుదిపేసింది. నేను ఇంకా ముడుచుకుపోయాను. ఇలాగైతే బడి మాన్పించేద్దామని ఇంట్లో అనుకోవడం విని హడలిపోయాను.

ఆ సంగతి తెలిసి, మా వీధిలోనే ఉండే సైన్సు టీచర్ సత్యవతి గారు ఓ సాయంత్రం వచ్చారు. వాకిట్లో మామయ్య కొబ్బరి మానుకు తెగులు పట్టిందని కత్తితో మచ్చలు గీకుతున్నాడు. అరుగు మీద అన్నయ్య, తల్లి వదిలేసిందని మినుము చేలోంచి తెచ్చిన చెవులపిల్లి కూనకు, అదే కుందేలు పిల్లకు, పాలు పట్టబోతున్నాడు. అది నోరు తెరవడం లేదు.

"ఆగండి బాబూ, ఇద్దరూ ఆగండి," అన్నారు టీచర్ గారు. "ఆ లైకెను చోటు కదలదు. ఈ కూన పెద్దదైతే కుక్కలక్కూడా అందదు. రెంటికీ పోలికే లేదు, మీ తొందర మాత్రం రెంటి మీదా ఒకటేనండి. అది తెగులు కాదు. ఎండకి చచ్చినట్టుంటుంది, వానకి తనే లేస్తుంది. దీన్నీ తల్లి వదల్లేదు. పగలు పక్కనుంటే కుక్కలు పసిగడతాయని దూరంగా ఉంటుంది, పొద్దుగూకాక వచ్చి పాలిస్తుంది."

"మరి మా అమ్మాయి సంగతేంటండీ?" అంది అమ్మ.

"బడికి పంపండి. మాట్లాడమని మాత్రం అడక్కండి."

కూనను దొరికిన చోటే గట్టు పక్కన పెట్టి, టీచర్ గారూ అన్నయ్యా నేనూ దూరంగా నిలబడ్డాం. మసక చీకట్లో తల్లి రానే వచ్చింది.

మర్నాటి నుంచి టీచర్ గారు రోజూ దీపాలు పెట్టే వేళకి మా అరుగు మీదకొచ్చేవారు. పేపర్లు దిద్దుకుంటూ కాసేపు నా పక్కన కూర్చుని వెళ్లిపోయేవారు. వేసవి సెలవుల్లోనూ మానలేదు. తొలివాన పడిన సాయంత్రం ఎంతకీ రాలేదు. నేను వీధి మలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. చివరికి తడుస్తూ వచ్చారు.

"ఇంత ఆలస్యమైందేంటండీ?" అన్నాను.

లోపల అమ్మ చేతిలో గిన్నె జారిపడింది. టీచర్ గారు మాత్రం "వానమ్మా," అని గొడుగు ముడిచి, ఎప్పటిలాగే కూర్చున్నారు.

ఆవిడ ఇప్పుడు లేరు. నిడదవోలులో నేనూ పాఠాలు చెబుతున్నాను. తల్లి పోయాక నోరు విప్పని పిల్ల ఒకతి నా క్లాసులో ఉంది. రోజూ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి కాసేపు కూర్చుంటాను. ఏమీ అడగను. ఇవాళ ఆదివారమైనా వెళ్లాలి, మళ్లీ మబ్బు పట్టింది. వాన మొదలైతే ఆలస్యమవుతుందని గొడుగు ముందే గుమ్మంలో పెట్టుకున్నాను.