తగ్గని వాళ్లకొక పాట

నేను వత్సవాయి వైపు ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఉండేది జగ్గయ్యపేటలో. మా ఆయన నందిగామ కోర్టులో గుమస్తా. పొద్దున్నే ఆయనొక బస్సు, నేనొక బస్సు ఎక్కి రెండు దిక్కులకు పోయేవాళ్లం. బడీ వంటా కాక నాకున్న మూడో పని పాటలు రాయడం. మా చర్చిలో క్రిస్మస్‌కి పిల్లలు పాడే పాటలు, పెళ్లిళ్లకీ కొత్త ఇంటి ప్రార్థనలకీ పాడుకునే పాటలు ఎక్కువ భాగం నేను రాసినవే. పాటకి ఎంత టైం పడుతుందండీ అని ఎవరైనా అడిగితే, "బస్సు వత్సవాయి చేరేలోపు" అనేదాన్ని. నవ్వుతూనే అనేదాన్ని కానీ అందులో కాస్త గర్వం ఉండేది.

ఆరేళ్ల కిందట, వానలు వెనకబట్టే రోజుల్లో జబ్బు మొదలైంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒంట్లో సన్నగా జ్వరం. వేళ్ల కణుపులు వాచేవి. సాయంత్రానికి ఒళ్లు వానకు తడిసిన పత్తి బస్తాలా అయ్యేది. మూడు రోజులు అలా ఉండి, నాలుగో రోజు ఏమీ జరగనట్టు పోయేది. వారం పది రోజులకు మళ్లీ వచ్చేది.

ఇక్కడ చూపించుకున్నాం, ఖమ్మంలో చూపించుకున్నాం, విజయవాడ, చివరికి హైదరాబాదు కూడా వెళ్లాం. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, స్కానింగులు. ఒకరు విటమిన్లు తక్కువన్నారు. ఒకరు వయసన్నారు. ఒకాయన కాగితాలన్నీ తిరగేసి, నావైపు చూడకుండా మా ఆయన్ని అడిగాడు.

"అన్నీ నార్మలేనండి. ఇంట్లో ఏవన్నా టెన్షన్లా?"

మా ఆయన పాపం, తనే ఏదో తప్పు చేసినట్టు తల దించుకున్నారు. బయటికొచ్చాక, "నార్మల్ అంటే మంచిదే కదా" అన్నారు.

"మంచిదేనండి. మరి ఇదేంటి?" అని నా వేళ్లు చూపించాను. ఆయన ఆ వేళ్లు పట్టుకుని బస్టాండు దాకా నడిచారు. పెళ్లయ్యాక రోడ్డు మీద ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

నొప్పికన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది మాటలు పోవడం. తొమ్మిదో తరగతికి గుణసంధి చెబుతూ బోర్డు మీద ఉదాహరణ రాయబోతే ఒక్కటీ గుర్తు రాలేదు. ముందు బెంచీలో ఆడపిల్ల నెమ్మదిగా అందించింది. ఇంకోరోజు వంటింట్లో గరిటె చేతిలో పట్టుకుని, దాన్నేమంటారో తోచక అలా నిలబడిపోయాను. ఇక పాట ఎక్కడిది? పల్లవిలో మొదటి ముక్క దొరికేది, రెండోది వచ్చేసరికి మొదటిది జారిపోయేది. ఆ ఏడు క్రిస్మస్‌కి పిల్లలతో పాత పాటే పాడించారు. నన్నెవరూ ఏమీ అనలేదు. అననందుకే బాధేసింది.

మరుసటి వేసవిలో మా ఊళ్లో స్వస్థత కూటాలు పెట్టారు. ఎక్కడినుంచో వచ్చిన ప్రసంగీకుడు నన్ను ముందుకు రమ్మన్నాడు. తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేసి, మైకు నా నోటి దగ్గర పెట్టాడు.

"నొప్పి పోయిందని చెప్పమ్మా!"

వేళ్లు కదిపి చూసుకున్నాను. "పోలేదండి" అన్నాను.

మైకులో ఆ మాట మైదానమంతా వినపడింది. ఆయన ఇంకోసారి ప్రార్థన చేశాడు, ఇంకోసారి అడిగాడు. నేను మళ్లీ పోలేదనే చెప్పాను. నేనేమీ మొండిగా అనలేదు. బళ్లో పిల్లలకు అబద్ధమాడకూడదని చెప్పి చెప్పి అలవాటైన నోరు. ఇంటికి నడిచి వస్తుంటే మా వెనక ఎవరో, "విశ్వాసం ఉంటే ఈపాటికి తగ్గేది" అనుకోవడం వినపడింది.

ఆ తర్వాత ఆదివారాలు చర్చికి వెళ్లడం మానలేదు గానీ వెనక వరసలో కూర్చోవడం మొదలుపెట్టాను. సాక్ష్యాల సమయంలో ఒక్కొక్కరూ లేచి, తమకు జ్వరం తగ్గిందనీ ఆపరేషన్ తప్పిందనీ చెప్పేవాళ్లు. వాళ్లతోపాటు నేనూ చప్పట్లు కొట్టేదాన్ని. దేవుడి మీద కోపం రాలేదని చెప్పను. వచ్చింది. ఆ కోపం కూడా ఆయనకే చెప్పుకున్నాను, ఇంకెవరికి చెప్పుకోను? కొన్నాళ్లకు అడగడానికీ ఓపిక లేకపోయింది. పొద్దున్నే మంచం అంచున ఊరికే కూర్చునేదాన్ని. మాటల్లేని ఆ కాసేపే నా ప్రార్థన అయింది.

మా ఆయనతో కోర్టులో పనిచేసే ఒకాయన నందిగామలోనే ఒక పెద్ద డాక్టరమ్మ ఉందని చెప్పారు. ఆశేమీ లేకుండానే వెళ్లాను. ఆవిడ నా ఫైలు మొదటి కాగితం నుంచీ చదివింది. బయట జనం ఎదురుచూస్తున్నా చదువుతూనే ఉంది. తర్వాత నా వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీకు జబ్బుందమ్మా. దాని పేరు నాకు తెలియదు."

ఫైలు మూసి, నావైపే చూస్తూ చెప్పింది.

"నార్మల్ అని రాసారంటే జబ్బు లేదని కాదు. వెతికిన చోట దొరకలేదని. వెతుకుదాం. ఈలోపు బతకాలి కదా. రోజులో మీకు బాగుండే టైం ఏది?"

"పొద్దున్నేనండి. తెల్లారాక ఓ గంట."

"ఆ గంటలో ఏం చేస్తారు?"

"గిన్నెలు తోముకుంటానండి."

ఆవిడ నవ్వలేదు. "జబ్బు రాకముందు ఇష్టంగా ఏం చేసేవారు?" అని అడిగింది. పాటలు రాసేదాన్నన్నాను. "అయితే పావుగంట పాటకివ్వండి. పావుగంటే. గిన్నెలు ఇంకెవరన్నా తోముతారు" అంది.

తిరుగు బస్సులో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని హైవే పొడుగునా ఏడ్చాను. అది దుఃఖం కాదు. నా మాట ఒకళ్లు నమ్మారు. సంగతి విని మా ఆయన మర్నాటి నుంచి గిన్నెలు తోమడం మొదలుపెట్టారు. మా హెడ్మాస్టరుగారు నా పీరియడ్లన్నీ మధ్యాహ్నం లోపలికి మార్చారు. పావుగంట దొరికింది కానీ పాట దొరకలేదు. నోటు పుస్తకం ముందు పెట్టుకుని రోజూ ఖాళీగా లేచేదాన్ని.

మా చర్చిలో శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన ఉంటుంది. దానికి పెనుగంచిప్రోలు నుంచి ఒక పెద్దమ్మ వచ్చేది. కూతురు మా వీధిలోనే ఉండేది, ఆ వంకతో వచ్చేది. వయసంతా మిరప చేలల్లో, కల్లాల్లో పనిచేసిన మనిషి. విడవని దగ్గు. నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకునేది. ఆవిడకూ మందులు పనిచేయలేదు, ఆవిడకూ అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఒక శుక్రవారం పాటలయ్యాక నా పక్కకు జరిగి కూర్చుంది.

"టీచరమ్మా, పాటలు నువ్వే కడతావంట గదా."

"కట్టేదాన్ని పెద్దమ్మా. ఇప్పుడు రావట్లేదు."

"తగ్గినోళ్లకి బోలెడు పాటలున్నయ్" అని ఆగి, ఊపిరి పీల్చుకుంది. "ముట్టాడు, లేపాడు, బాగుచేసాడు. పాడతన్నా గానీ, అయ్యి నాయి కాదు గదమ్మా. తగ్గనోళ్లకి ఒక్కటన్నా కట్టగూడదా?"

మర్నాడు పొద్దున నోటు పుస్తకంలో మొదటి ముక్క పడింది.

తగ్గినా సరే తండ్రీ,
తగ్గకున్నా నువు దగ్గరే.

పల్లవి వచ్చేసింది గానీ చరణాలకు ఆరు నెలలు పట్టింది. కొన్ని వారాలు పెన్ను పట్టుకోలేకపోయాను. పట్టుకున్న రోజుల్లో నాకు తెలిసిన పెద్ద మాటలన్నీ తెచ్చి పెట్టాను, నిరంతర వేదనా తరంగాలు లాంటివి. తెలుగు టీచర్ని కదా, ఇంకా మాటలు పోలేదని నాకు నేనే చూపించుకోవాలనిపించింది.

పాట పూర్తయ్యాక పెద్దమ్మకు పాడి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నది. పల్లవి తనూ పాడింది. చరణంలోకి వచ్చేసరికి సగంలో దగ్గు వచ్చి ఆగిపోయింది.

"బాగుందమ్మా. కానీ నాకు అందట్లా. ఒక ముక్క అయ్యేలోపు ఊపిరి చాలట్లా."

ముందు చిన్నబోయాను. తర్వాత ఆవిడ పక్కన కూర్చుని, ఒక్క ఊపిరిలో ఎన్ని మాటలు అనగలదో విన్నాను. మూడు, బాగున్న రోజున నాలుగు. ఇంటికెళ్లి చరణాలన్నీ కొట్టేశాను. ఆవిడ ఊపిరి పట్టినంతలోనే మళ్లీ రాసుకుంటూ వచ్చాను.

లేచిన పొద్దు నీతోనే,
లేవని పొద్దు నీతోనే.

అన్నేళ్లు పాటలు రాసి, పాడేవాళ్ల ఊపిరి గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

మా చర్చిలో కొత్త పాట ఏదైనా అయ్యగారు చూశాకే పాడాలి. పాస్టరుగార్ని మేం అయ్యగారు అంటాం. నెమ్మదైన మనిషి. కాగితం రెండుసార్లు చదివారు.

"తగ్గకున్నా అన్నారు టీచరుగారూ. సంఘం ఏమనుకుంటుందంటారు? అపనమ్మకంలా లేదూ?"

"నాకు తగ్గలేదు కదండీ అయ్యగారూ. తగ్గిందని రాస్తే అబద్ధమైపోద్ది."

"అదీ నిజమే" అన్నారు గానీ ఒప్పుకోలేదు. కాగితం ఇంటికి తీసుకెళ్లారు. ఇంక అది తిరిగి రాదనుకున్నాను. తర్వాతి ఆదివారం ఆరాధనయ్యాక ఆయనే నా దగ్గరికొచ్చారు. మొహం ఎలాగో ఉంది.

"కాగితం బల్ల మీద పెట్టానండి. మా ఆవిడ చూసింది. పల్లవికి ఏదో రాగం కట్టుకుని వారమంతా వంటింట్లో అదే పాడుకుంటుంది. ఎందుకని అడిగా. తనకి తలనొప్పంట. పదకొండేళ్ల నుంచీ. పాస్టరు భార్యకి తగ్గలేదంటే బాగోదని నాక్కూడా చెప్పలేదంట."

"అమ్మగార్ని నందిగామ తీసుకెళ్లండి. నేను తోడొస్తాను" అన్నాను.

అయ్యగారు ఒప్పుకున్నాక, పాటను మొదటిసారి శుక్రవారం ఆడవాళ్ల ప్రార్థనలో పాడాం. రాగం అమ్మగారిదే ఉంచాం, నేను అనుకున్నదానికన్నా అదే బాగుంది. పెద్దమ్మ మొదటినుంచి చివరిదాకా ఆగకుండా పాడింది. అయిపోయాక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతూ నవ్వింది. ఆ పాట విని ఎవరూ బాగుపడలేదు. కానీ సాక్ష్యాల సమయంలో ఇప్పుడు అప్పుడప్పుడూ ఒకరు లేచి, "నాకింకా తగ్గలేదండి, ప్రార్థన చెయ్యండి" అని కూర్చుంటున్నారు. అయ్యగారు వాళ్లకూ చప్పట్లు కొట్టిస్తున్నారు. నేను వెనక వరస వదిలి నా పాత చోటుకి వచ్చాను.

నా జబ్బుకి ఇంకా పేరు దొరకలేదు. డాక్టరమ్మ మొన్న కొత్తగా ఇంకో పరీక్ష రాసింది, అది కూడా నార్మలే వచ్చింది. "ఇక్కడా లేదన్నమాట" అని కొట్టేసి, ఫైల్లో రాసుకుంది. నెలలో సగం రోజులు బాగుంటాను, సగం రోజులు ఉండను. పావుగంట మాత్రం వదలడం లేదు. ఏడాదికి రెండు పాటలు వస్తున్నాయి, ఒక్కో ఏడు ఒకటే.

పోయిన మాఘమాసంలో పెద్దమ్మను చూద్దామని ఆటో ఎక్కి పెనుగంచిప్రోలు వెళ్లాను. ఇంట్లో లేదు. కల్లంలో ఉందన్నారు. అక్కడ ఆడవాళ్లు ఎర్రటి మిరపకాయల మధ్య కూర్చుని తెల్లబడిపోయిన తాలు కాయలు ఏరుతున్నారు, ముక్కులకు కొంగులు కట్టుకుని. పనిచేసే ఓపిక లేకపోయినా పెద్దమ్మ ఒక పక్కన నీడలో కూర్చుంది. వాళ్లు పాడుతున్నది నా పాటే. నిలబడి విన్నాను. నేను రాసినవి రెండు చరణాలు. వాళ్లు మూడోది అందుకున్నారు.

"అది నేను రాయలేదే" అన్నాను.

"మేవే కలిపాంలేమ్మా. కోపమా?" అంది పెద్దమ్మ.

"కోపమెందుకు పెద్దమ్మా. ఇంకోసారి పాడండి, రాసుకుంటా."

సంచీలోంచి నోటు పుస్తకం తీసి, ఆవిడ పక్కన గోనెపట్టా మీద కూర్చున్నాను. ఆ రోజు నా వేళ్లు సరిగా వంగడం లేదు. అది చూసి వాళ్లు పని ఆపకుండానే పాటను నెమ్మది చేసి, ఒక్కొక్క ముక్క దగ్గర ఆగుతూ చెప్పారు.

కాయ కోసిన చెయ్యి మంట,
కడిగినా పోదు తండ్రీ.
మండే చెయ్యే చాపుతున్నా,
పట్టుకోవా తండ్రీ.