ఐదు రోజులు ఎక్కడి నుంచి మొదలు

ముందు అసలు సంగతి చెప్తా, లేకుంటే నాతోని ఆగదు. నేను రాసిన ఒక వాక్యం ఇప్పుడు నాలుగు దేశాల ఆఫీసుల్ల రూలు. మా ఇంట్ల డిగ్రీ దాకా పోయింది నేనే మొదలు. అమ్మ బీడీలు చుట్టి చదివించింది. అందుకే ఒక్క వాక్యానికి ఇంత సంబరం.

సంబరం అంటున్న గానీ, అప్పుడు నాకు కుర్చీల నుంచి లేచే ఓపిక లేకుండె.

లాక్‌డౌన్ రోజులు. ఐర్లండ్‌ల లిమరిక్‌ల మాస్టర్స్ అయిపోంగనే ఒక ఫైనాన్స్ కంపెనీల ఆర్నెల్ల కాంట్రాక్టు దొరికింది. ఆఫీసు డబ్లిన్ పక్కన చెర్రీవుడ్‌ల. నేను అద్దెకున్న రూము కిటికీల నుంచి ఆ బిల్డింగు కనవడేది, కానీ ఒక్కనాడు లోపలికి పోలే. పొద్దుగాల ల్యాప్‌టాప్ తెరిస్తే ఆఫీసు, మూస్తే ఇల్లు. కొన్ని రోజులైతే మూసినా ఇల్లు కాకపోయేది.

పని ఏందంటే, కంపెనీకి నాలుగు దేశాల్ల బ్రాంచీలు ఉన్నయి. ఆ దేశం సెంట్రల్ బ్యాంకుతోని, అంటే మన రిజర్వ్ బ్యాంకు లాంటిదానితోని, ఎట్ల నడుచుకోవాలో ఏ బ్రాంచికి ఆ బ్రాంచి సొంతంగ రాసుకుంది. చెల్లింపులు ఎన్ని గంటల లోపల పంపాలె, సిస్టం ఆగిపోతే ఎవరికి చెప్పాలె, ఇట్లాంటివన్ని. ఆ నాలుగు పుస్తకాలను ఒక్క పుస్తకం చెయ్యాలె. నాలుగు పక్కపక్కన పెట్టుకోని పొద్దంత చదువుడు, రాసుడు, కొట్టేసుడు. కండ్లు మండేవి.

మా మేనేజర్ వాటర్‌ఫోర్డ్‌ల వాళ్లింట్ల, వంటింటి టేబుల్ మీద కూసోని పని చేసేది. ఏం చెప్పినా "గ్రాండ్" అనేది, అంటే బాగుంది అని. ఒకనాడు మాత్రం సూటిగ చెప్పింది. "నీ చాప్టరు నాలుగు బ్రాంచీలు ఒప్పుకుంటే కాంట్రాక్టు ఇంకో ఏడాదికి అడుగుత. ఒప్పుకోకుంటే ఏమని అడగాలె?"

కాంట్రాక్టు పెరగకుంటే, అది అయిపోయే నెలతోనే నా వీసా అయిపోతది. ఇంటికి పోవుడే.

కొత్త పుస్తకంల నాకిచ్చిన చాప్టరు, సిస్టం ఆగిపోతే ఏం చెయ్యాలె అన్నది. మిగతా పేజీలన్ని ఒకదానితోని ఒకటి కొట్లాడుకుంటుంటే ఒక్క మాట మాత్రం నాలుగు పుస్తకాల్ల ఒక్క తీరుగ ఉంది: ఐదు పనిదినాల్ల సెంట్రల్ బ్యాంకుకు రిపోర్టు పంపాలె. పాణం నిమ్మలమైంది, దాని జోలికే పోలే. కింద ఒక ఉదాహరణ రాసి పెట్టిన. సోమవారం ఆగితే, ఆఖరు రోజు శుక్రవారం.

రివ్యూ కాల్‌ల డబ్లిన్ బ్రాంచాయన అక్కడనే ఆగిండు. "శుక్రవారం ఎట్లయితది? వచ్చే సోమవారం కదా?"

నేను మ్యూట్ చేసి వంటింట్లకు పోయిన. నాకు రూము ఇచ్చిన ఆంటీ, వాళ్లది విజయవాడ, కూర కలుపుతున్నది.

"ఆంటీ, సోమవారం నుంచి ఐదో రోజు ఏది?"

ఆంటీ గరిటె వదలకుండానే వేళ్లు మడిచింది. "సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర. శుక్రవారం. అదేంటే, మాస్టర్స్ చేశావు, వారాలు రావా?"

"ఈడోళ్లకు వేరే ఉన్నట్టుంది ఆంటీ."

"అయితే వాళ్లనే అడుగు. గొంతు మాత్రం తగ్గించు, అంకుల్ కూడా కాల్‌లో ఉన్నారు."

మా నాయనమ్మ పోయినప్పుడు పదకొండో రోజును, పోయిన రోజుతోని కలిపే లెక్కవెట్టిండ్రు. నాకు ఏ లెక్కైనా ఆ రోజే ఒకటి. ఇంకో తీరు ఉంటదని ఎన్నడూ అనుకోలే.

తప్పు నాదేనని ఒప్పుకుందామని మ్యూట్ తీసిన. కానీ నోట్లకెంచి వేరే మాట వచ్చింది. "మీ దగ్గర ఒకటో రోజు ఏది?" అని అందరినీ వరుసగ అడిగిన.

డబ్లిన్‌ల మర్నాడు. రెండో బ్రాంచిల, ఇది పెద్ద సమస్యే అని అక్కడి మేనేజర్ తేల్చిన రోజు. మూడో బ్రాంచిల, పగటీలి పన్నెండు లోపల ఆగితే ఆ రోజే, తర్వాతైతే మర్నాడు. నాలుగో బ్రాంచామె నవ్వింది. "మాకు రాసి లేదు. ఎవరు డ్యూటీల ఉంటే వాళ్ల లెక్క."

మా మేనేజర్ ఈసారి గ్రాండ్ అనలే. "ఒకటో రోజు ఏదో నువ్వే రాయి" అన్నది.

మూడు వారాలు పట్టింది, ఒక్క వాక్యానికి. ఎవరి రోజు వాళ్లకు కావాలె. ఎవరి వకీలును వాళ్లు అడగాలె. నేను పంపుడు, వాళ్లు గీతలు కొట్టి తిప్పి పంపుడు. ఒక పూట అన్నం ముందట పెట్టుకోని అట్లనే కూసున్న. ఆఖరుకు నిలిచింది ఇది: "సమస్య బ్రాంచికి తెలిసిన రోజు లెక్కల రాదు, తర్వాతి పనిదినమే ఒకటో రోజు." ఏ దేశం సెంట్రల్ బ్యాంకైనా ఇంతకన్నా ముందే అడిగితే అదే నడుస్తది అని కింద ఇంకో వాక్యం మేనేజర్ కలిపింది. అది ఆమెది. పైది నాది.

నాలుగో బ్రాంచి ఒప్పుకున్న రోజు మధ్యాహ్నం మేనేజర్ ఫోన్ చేసింది. ఏడాదికి సంతకం అయిందట. థాంక్స్ చెప్పి, అమ్మకు ఫోన్ కలిపిన.

"ఏమైందే, గొంతు అట్లున్నది?"

"అలసిపోయినమ్మా. నౌకరి ఉంది, ఇంకో ఏడాది."

"అంటే ఈ ఏడు కూడ రావు."

నేను ఆ మాట అనుకోనే లేదు. "రానమ్మా" అన్న.

"సరే తియ్యి. బిడ్డ ఏం పని చేస్తదని అడుగుతున్నరు. ఏమని చెప్పాలె?"

"బ్యాంకోళ్లకు రూళ్లు రాస్తదని చెప్పు."

"నాలుగు దేశాలంటివి గద, అది గూడ చెప్త. నువ్వు జెర పండుకో."

రెండింటికే కర్టెన్ వేసి పండుకున్న. లేచేసరికి అమ్మవి ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నయి, ఎవరెవరికి చెప్పిందో చెప్పనీకి.