వరుసగా కలపండి

మా మేనత్త పొద్దున్నే అర లీటరు పాల ప్యాకెట్టు కత్తిరించే ముందు దాన్ని తూకం వేస్తుంది. వంటింటి గట్టు మీద అరచేతి వెడల్పున్న కాటా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ప్యాకెట్టుకున్న తడి తుడిచి, దాని మీద పెట్టి, అంకె కదలకుండా ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఐదు వందల పద్దెనిమిది గ్రాములు వస్తే "ఇవాళ్టికి బతికిపోయాడు" అంటుంది. బతికిపోయింది పాలవాడో, కంపెనీవాడో ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసింది. ఆమె వీధి మలుపు తిరిగిందని తెలిస్తే దుకాణాల్లో రాళ్ళు మారిపోయేవట. వెనకాల "ముల్లు మేడమ్" అనేవాళ్ళు. కాటా ముల్లు అన్న అర్థంలోనే అంటున్నారని ఆఫీసువాళ్ళు సర్దిచెప్పినా ఆమె నమ్మలేదు. పెళ్ళికి ముందు మామయ్య తన ఎత్తు ఎంతో చెబితే, తలుపు పక్కన నిలబెట్టి టేపుతో కొలిచిన మనిషి మరి.

రిటైరైన రోజు కూతురు ఆమెకు బొమ్మ రాకెట్టు కిట్టు ఒకటి తెచ్చిచ్చింది. అట్టగొట్టం, పల్చటి చెక్క రెక్కలు, ప్లాస్టిక్ ముక్కు, లోపల మడతపెట్టిన చిన్న పారాచూట్. అడుగున బొటనవేలంత మోటారు దూర్చాలి. మోటారంటే తిరిగేదేమీ కాదు, మందు కూరిన కాగితపు గొట్టం. దానిలో పెట్టే సన్నటి తీగను వత్తి అంటారు. దూరం నుంచి మీట నొక్కితే కరెంటుకు వత్తి ఎర్రబడి, మందు అంటుకుంటుంది. అమ్మకు కాలక్షేపం అవుతుందని కూతురి ఉద్దేశం. అత్త కంటపడింది మాత్రం డబ్బా మీద రాసిన మాట: మూడు వందల మీటర్ల ఎత్తుకు ఎగురుతుంది.

"ఎవరు కొలిచారు?" అంది.

అలా క్లబ్బులో చేరింది. రెండో, నాలుగో ఆదివారాల్లో ఊరి చివరి మైదానంలో ఓ పదిహేను మంది చేరి రాకెట్లు ఎగరేస్తారు. ఎత్తు కొలిచే అగ్గిపెట్టెంత పరికరం కొని అత్త రాకెట్టు ముక్కు కింద అమర్చింది. ఒక్కదాన్ని నమ్మలేక ఇంకోటి కొంది. ఆ రెండింటి బరువుకి రాకెట్టు డాబా ఎత్తు కూడా దాటలేదు.

"ఒకటి తీసెయ్యి అమ్మా" అంది కూతురు.

"తీసేస్తే ఉన్నది నిజం చెబుతోందని ఎలా తెలుస్తుంది? మోటార్లు మూడు పెడతాను."

మూడు మోటార్లతో ఎగిరితే డబ్బా మీది మాట నిజమో కాదో ఎలా తేలుతుందని ఎవరూ అడగలేదు. ఆమెకూ అప్పటికి ఆ మాట అక్కర్లేకపోయింది. క్లబ్బులో మూడు మోటార్ల రాకెట్టు ఎవరికీ లేదు.

నెల రోజులు భోజనాల బల్ల కార్ఖానా అయింది. లోపలి ఒంటి గొట్టాన్ని కోసి తీసేసి, మూడు చిన్న గొట్టాలు త్రికోణంగా జిగురుతో అతికించింది. మధ్యలో మిగిలిన సందుల్లోంచి మోటార్ల వేడిగాలి వెనక్కి పోతే పారాచూట్‌ను బయటికి నెట్టేది ఉండదని, వాటిని కాగితపు గుజ్జుతో పూడ్చింది. తోక బరువెక్కినందుకు సరితూగేలా ముక్కులో మైనం కూరింది. పన్నెండు మోటార్లు తూచి, గ్రాములో పదోవంతు కూడా తేడా లేని మూడింటిని ఏరింది.

వైర్ల పనికి మాత్రం వియ్యంకుణ్ణి పిలవక తప్పలేదు. కూతురి మామగారు నలభై ఏళ్ళు ఎలక్ట్రీషియన్. నిదానస్తుడు. ప్రయోగం ముందు రోజు బల్ల దగ్గర కూర్చుని, "చెల్లెమ్మా, ఈ క్లిప్పులు ఇలా కాకుండా..." అని మొదలుపెట్టగానే అత్త ఆపేసింది.

"నేను రాసిస్తాను, రాసింది రాసినట్టు చెయ్యండి అన్నయ్యగారూ. సొంత తెలివి వద్దు."

క్లబ్బు కార్యదర్శి పళ్ళ డాక్టరు. మార్పులు చేసిన రాకెట్టంటే ఆయనకు భయం.

"మేడమ్, ఇలాంటివాటికి రెండే అవకాశాలు. రెండుసార్లూ అడ్డం తిరిగితే ఇక ఈ మైదానంలోకి తేవడానికి లేదు."

తేవడానికి లేకపోతే అత్తకు మిగిలేది పొద్దుటి పాల ప్యాకెట్టే.

ఆదివారం ఆమె డాక్టరుకు లెక్కలు చూపిస్తూ క్లబ్బు గుడారం దగ్గరే ఉండిపోయింది. వియ్యంకుడు చీటీ చదువుకుని వైర్లు కలిపాడు. మీట నొక్కారు. ఒక్క మోటారే అంటుకుంది. రాకెట్టు నిలువెత్తు లేచి, పక్కకు ఒరిగి, గడ్డిలో ముక్కు గుచ్చుకుని పడింది. ఒక రెక్క విరిగింది.

అక్కడినుంచి అత్త మళ్ళీ ఇన్‌స్పెక్టరైంది. కాలిన వత్తినీ, కాలని రెండు వత్తుల్నీ విడివిడి కవర్లలో పెట్టి, అంటించి, అంటించిన చోట సంతకం చేసింది. డాక్టరు గుడారంలోంచి రెండుసార్లు బయటికెందుకు వెళ్ళాడు? వత్తులు అమ్మినవాడు పాతవి అంటగట్టాడా? కరెంటు మీటరు పెట్టి చూస్తే కాలని వత్తులు రెండూ బాగానే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, కిందటి నెల వియ్యంకుడు కోడలితో అన్న మాట: "మీ అమ్మ ఈ నిప్పుతో ఆటలు మానేస్తే బాగుండునమ్మా."

వారం తర్వాత కూతురింట్లో మధ్యాహ్నం భోజనాలు. కవర్లు తీసి కంచాల మధ్య పెట్టింది.

"వత్తులు మంచివే. మోటార్లు మంచివే. మిగిలింది వైర్లు. కలిపింది మీరు."

"అవును, నేనే" అన్నాడాయన.

"ఎవరు చెప్పి చేయించారు? పళ్ళ డాక్టరేనా?"

"అమ్మా! ఆయన మా మామగారు. కాటాలో రాయి మార్చినవాడు కాదు" అంది కూతురు.

"నువ్వుండవే."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీశాడు. అడుగున నాలుగు మడతల చీటీ.

"చెప్పింది మీరేనమ్మా."

అందులో ఉన్నది ఇదే: మూడు వత్తులూ వరుసగా కలపండి. తొందర వద్దు. రాత అత్తదే. అయినా చీటీని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది.

"వరుసగా అంటే ఒకటయ్యాక ఒకటి, దేన్నీ వదలకుండా అని."

"మా పనిలో వరుసగా అంటే ఒకదాని తోక ఇంకోదాని తలకి, గొలుసులాగా. అలా కలిపితే ముందు కాలింది తెగుతుంది. తక్కిన రెండింటికీ కరెంటు అందదు. దేనికదానికి బ్యాటరీ నుంచి విడిగా ఇవ్వాలి. ఇదేంటి ఇలా రాశారని నాకూ అనుమానం వచ్చింది."

"వస్తే అడగరా!"

"సొంత తెలివి వద్దన్నారుగా."

"పోనీ పడ్డాకైనా చెప్పొచ్చుగా?"

"పదిమందిలో మీ చీటీ తీసి చూపించమంటారా?"

అల్లుడు మెల్లిగా, "వియ్యాలవారి వరుసలు కలిశాయి గానీ వత్తుల వరుస..." అని మొదలుపెట్టి, అత్తగారి మొహం చూసి, మంచినీళ్ళు అందుకున్నాడు.

అత్త క్షమించమనలేదు. కవర్లు చింపి చెత్తబుట్టలో వేసింది. కూతురికి అర్థమైంది, వియ్యంకుడికీ అర్థమైనట్టే ఉంది. ఆ సాయంత్రమే విరిగిన రెక్కకు కొత్త చెక్క పట్టుకుని ఆమె ఇంటికి వచ్చాడు.

రెండో ప్రయోగం రోజు చీటీ లేదు. ఆయన వైర్లు కలుపుతుంటే అత్త కావాలని వీపు తిప్పి నిలబడింది.

"ఇటు రండి చెల్లెమ్మా, చూడండి."

"నేను చూడను. మీరు చేశారుగా."

"ఊళ్ళో కాటాలన్నీ చూసి, ఇవాళ నా దగ్గరేనా మానేయడం?"

అత్త మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో వైరూ వేలితో లాగింది. మూడో క్లిప్పు చేతిలోకి ఊడి వచ్చింది. లోపల తుప్పు. ఆయన దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ క్లిప్పు నాది కాదు. క్లబ్బు పెట్టెలోది."

ఇద్దరూ ఒకేసారి తలెత్తి పళ్ళ డాక్టరు వైపు చూశారు. ఆయన ఏమీ తెలియనట్టు గొడుగు సర్దుకుంటున్నాడు.

క్లిప్పు మార్చాక మీట నొక్కారు. మూడూ ఒక్కసారే అంటుకున్నాయి. రాకెట్టు నిటారుగా వెళ్ళి కంటికి చుక్కై, కాసేపటికి ఎర్ర పారాచూట్‌తో దిగింది. ఒక పరికరం రెండు వందల అరవై ఒక్క మీటర్లు చూపించింది, ఇంకోటి రెండు వందల యాభై ఎనిమిది.

"చూశారా అన్నయ్యగారూ, రెండింట్లో ఒకటి అబద్ధం చెబుతోంది" అంది అత్త, మహదానందంగా.

ఆమెకిప్పుడు అరవై మూడేళ్ళు. ఆ మైదానంలో ఎవరి రాకెట్టయినా సరే, ఆమె వచ్చి వైర్లు లాగి చూశాకే మీట నొక్కుతారు.